వాయిస్తూనే పాడాలి: తెలుగు గొంతుతో బ్లూస్ గిటార్ నేర్చుకునేవారికి

బ్లూస్‌లో (అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన సంగీతం ఇది) గొంతు, గిటార్ నిజంగా ఒకేసారి కష్టపడాల్సిన సమయం చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. పాడేవాడు ఒక మాట అంటాడు, ఆగుతాడు. ఆ ఖాళీలో గిటార్ బదులు చెబుతుంది. మళ్లీ గొంతు అందుకుంటుంది. పేరున్న బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ (1925–2015) పాడిన పాట ఏదైనా పెట్టుకుని వినండి. ఆయన పాడుతున్నంతసేపూ చేతిలోని గిటార్ ఊరుకుంటుంది, గొంతు ఆగిన చోట అది మాట్లాడుతుంది. తాళం సంగతి వెనకున్న బ్యాండు చూసుకునేది. మన వెనక బ్యాండు ఉండదు కాబట్టి ఆ తాళాన్ని కూడా మన చేయే మోయాలి. తేడా అంతే.

కాబట్టి నేర్చుకోవాల్సినవి మూడు: ఎవరు పలకరించినా ఆగని తాళం, ఖాళీ వదిలే పాట, ఆ ఖాళీలో గిటార్ చెప్పే బదులు. ఈ మూడూ విడివిడిగా వచ్చాకే కలపాలి. మొదటిరోజే కలపాలని చూసేవాళ్లు రెండో వారానికి గిటార్‌ను గోడకు తగిలిస్తారు.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో గిటార్ పట్టినవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మనకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో హిందీ పాటలు. బ్లూస్ అనగానే అమెరికా యాసలో ఇంగ్లిష్ పాడాలనుకుని గొంతు బిగించేస్తాం. చేయీ గొంతూ కలవక సతమతమయ్యే సమయంలో పరాయి యాస కూడా నెత్తిన పెట్టుకోవద్దు. ఇందులో సాధనకు వాడే పాట మన మాటల్లోనే ఉంది. ఇ (E), ఎ (A), బి7 (B7) కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికే పట్టులు, పట్టుకోవడం, మెల్లగానైనా ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం వస్తే చాలు, మొదలుపెట్టవచ్చు.

గిటార్, తీగలు, శ్రుతి

మామూలు అకూస్టిక్ గిటార్ సరిపోతుంది. తీగలు సన్నవి, అంటే 10 గేజ్ సెట్ వేయించుకోండి. గట్టి తీగలతో వేళ్లు నొప్పిపెడితే ధ్యాసంతా వేళ్ల మీదికి పోతుంది, గొంతు మీద నిలవదు. బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి. ఒక కేపో, అంటే ఏదో ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచే క్లిప్పు, కొనుక్కోండి. దాని అవసరం కొంచెం కింద వస్తుంది.

మొదటి మెట్టు: పాదం, బొటనవేలు

కుర్చీలో కూర్చుని పాదంతో నేల మీద సమంగా కొట్టండి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 60 బీట్లు పెట్టుకోండి. పాదం దానితో కలిశాక బొటనవేలితో ఆరో తీగను, అంటే అన్నిటికన్నా లావు తీగను, ఖాళీగా ఒక్కో బీట్‌కు ఒక్కోసారి మీటండి. ఇంకేమీ వద్దు. విసుగు పుడుతుంది. పుట్టినా వదలకండి, ఎందుకంటే తర్వాతదంతా దీనిమీదే నిలబడుతుంది. 1948లో డెట్రాయిట్‌లో బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ తొలి రికార్డింగులు చేసినప్పుడు పక్కన బ్యాండు లేదు. గిటార్, గొంతు, నేలను కొట్టే పాదం. ఆ పాదం చప్పుడు కూడా రికార్డులో వినిపిస్తుంది.

బుర్రకథ చూసినవాళ్లు కథకుడి చేతిని గుర్తు తెచ్చుకోండి. భుజాన తంబుర, వేలికి అందె. కథ చెబుతాడు, పాడతాడు, అడుగులు వేస్తాడు, చేయి మాత్రం ఆగదు. ఆ చేయి చేసే పని చాలా చిన్నది, కానీ చెక్కుచెదరదు. అటూ ఇటూ ఉన్న వంతలు ‘తందాన తాన’ అని అందుకునేలోపు కథకుడు ఊపిరి తీసుకుంటాడు. ఒంటరిగా బ్లూస్ పాడేవాడికి గిటారే తంబుర, గిటారే వంత. తంబుర పని బొటనవేలిది, వంత పని మిగతా వేళ్లది. ఇకపై గిటార్ చెప్పే బదులును వంత అనే అంటాను.

చేయి ఎంతవరకు తయారైందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీరు వాయిస్తుండగా ఇంట్లో ఎవరినైనా మాట్లాడించమనండి. “అన్నం తిన్నావా?”, “రేపు ఎన్నింటికి లేవాలి?” లాంటి మామూలు ప్రశ్నలు చాలు. జవాబు చెబుతున్నప్పుడు బొటనవేలు తడబడితే ఈ మెట్టు ఇంకా అవలేదని అర్థం. తడబడకుండా అమ్మతో నాలుగు మాటలు మాట్లాడగలిగిన రోజు ముందుకు వెళ్లండి. ఇది కొందరికి రెండు రోజుల్లో వస్తుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది. తొందర లేదు.

రెండో మెట్టు: తకిటలో ఊగే షఫుల్

బ్లూస్ నడకను షఫుల్ అంటారు. ఒక్కో బీట్‌ను మూడు సమభాగాలు చేసి, మొదటిదీ మూడోదీ మాత్రమే వాయించడమే అది. కర్ణాటక సంగీతం కొంచెం తెలిసినవాళ్లకు తిస్రగతి అంటే సరిపోతుంది. తెలియనివాళ్లు నోటితో ‘తకిట తకిట తకిట తకిట’ అంటూ పాదం కొట్టండి. తర్వాత మధ్యలోని ‘కి’ని మింగేయండి. ‘త–ట, త–ట, త–ట, త–ట’. ‘త’ మీద పాదం పడుతుంది, ‘ట’ తర్వాతి బీట్‌కు కాస్త ముందు వస్తుంది. చేయి వాయించక ముందు నోరు దీన్ని అనగలగాలి.

ఇప్పుడు గిటార్ మీద. ఆరో తీగ ఖాళీ, ఐదో తీగ 2వ ఫ్రెట్ మీద చూపుడువేలు. ఈ రెండు తీగలను కలిపి ‘త–ట’ అని మీటండి. తర్వాతి బీట్‌కు ఉంగరపువేలు ఐదో తీగ 4వ ఫ్రెట్ మీద పెట్టి మళ్లీ ‘త–ట’. ఇలా ఒక బీట్ 2వ ఫ్రెట్, ఒక బీట్ 4వ ఫ్రెట్. ఇది ఇ. ఎ కోసం ఇదే పనిని ఒక తీగ కిందికి జరపండి: ఐదో తీగ ఖాళీ, నాలుగో తీగ మీద 2, 4 ఫ్రెట్లు. బి దగ్గర వేళ్లు బాగా చాచాల్సి వస్తుంది. ఆ చోట మామూలు బి7 కార్డు పట్టి ‘త–ట’ అనిపించండి చాలు.

మళ్లీ అన్నం పరీక్ష పెట్టుకోండి.

మూడో మెట్టు: పన్నెండు బార్లు కంఠతా రావాలి

నాలుగు బీట్లు ఒక బార్. బ్లూస్‌లో అందరికీ తెలిసిన చట్రం 12 బార్లది. 1 నుంచి 4 వరకు ఇ. 5, 6 ఎ. 7, 8 మళ్లీ ఇ. 9 బి7, 10 ఎ, 11 ఇ, 12 బి7. అక్కడి నుంచి మళ్లీ మొదటికి. మొత్తం 48 బీట్లు, నిమిషానికి 60 బీట్ల వేగంలో ఒక చుట్టుకు 48 సెకన్లు.

కాగితం చూసి వాయించడం వేరు, ఎక్కడున్నామో ఒంటికి తెలియడం వేరు. కళ్లు మూసుకుని వాయిస్తూ ప్రతి బార్ మొదట్లో దాని సంఖ్యను పైకి చెప్పండి: ఒకటి, రెండు, మూడు... తర్వాత సంఖ్యలు ఆపేసి ‘పాట, పాట, వంత, వంత’ అనండి. మొదటి రెండు బార్లు పాటవి, తర్వాతి రెండు వంతవి. 5, 6 పాట, 7, 8 వంత. 9, 10 పాట, 11, 12 వంత. ఇలా మూడు జతలు. మన పాట మొత్తం నిలబడే చట్రం ఇదే.

నాలుగో మెట్టు: మాటలు

డబ్ల్యు.సి. హ్యాండీ అనే సంగీతకారుడు 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో ఒక మనిషిని చూశానని తర్వాత రాసుకున్నాడు. ఆ మనిషి చాకును గిటార్ తీగల మీద నొక్కి జరుపుతూ, రెండు రైలు మార్గాలు కలిసే ఊరికి వెళ్తున్నానని ఒకే పాదాన్ని, అంటే పాటలోని ఒకే వరుసను, మూడుసార్లు పాడాడట. ఆ తర్వాత స్థిరపడిన పద్ధతిలో పాదం రెండుసార్లు వస్తుంది, మూడోసారి కొత్త మాట పడుతుంది. మొదటిసారి చెప్పింది రెండోసారి వినేవాడి మనసులో దిగుతుంది, మూడోది దానికి తెర తీస్తుంది. వాయిస్తూ పాడేవాడికి దీనివల్ల ఇంకో మేలుంది. రెండో పాదానికి కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు, ధ్యాస చేతి మీద పెట్టవచ్చు.

మనకూ నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైలుంది. సాధన కోసం ఈ మూడు పాదాలు తీసుకోండి:

గుణుపురం బండి ఎల్లిపోనాది
గుణుపురం బండి ఎల్లిపోనాది
టికెట్టు జేబులో ఉండిపోనాది

ఇవి ఎందుకు పనికొస్తాయో చెప్పాలి. షఫుల్‌లో ‘త’ పొడుగు, ‘ట’ పొట్టి. ఛందస్సు చదివినవాళ్లకు ఇది గురువు, లఘువు: గలం. ‘బండి’, ‘ఎల్లి’, ‘జేబు’, ‘ఉండి’ అన్నీ గలాలే. వాటిని మామూలుగా పలికితేనే షఫుల్ ఊపులో పడతాయి. ‘గుణుపు’ మూడు లఘువులు, అంటే నిండైన తకిట. ‘రం’ తర్వాతి బీట్ మీద సాగుతుంది. పాట రాసేటప్పుడు ఈ లెక్క చూసుకుంటే గొంతు, చేయి దెబ్బలాడుకోవు. ఇంగ్లిష్ పాటను తెలుగులోకి మార్చి పాడితే కుదరకపోవడానికి ఎక్కువసార్లు కారణం భావం కాదు, ఈ మాత్రల లెక్కే. ఇంకో సుఖం కూడా ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. చివరి అక్షరాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు.

మన వైపు మాట్లాడే పోనాది, ఒగ్గేసినాది లాంటి మాటలను పాటలో సిగ్గుపడకుండా వాడండి. బ్లూస్ పాడినవాళ్లు వాళ్ల ఇంటి మాటే పాడారు. వార్తలు చదివే తెలుగులో ఈ పాట నిలబడదు.

ఐదో మెట్టు: పాడొద్దు, చెప్పండి

అందరూ దాటేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కొంచెం విపులంగా చెబుతాను.

మెట్రోనోమ్ 60లో పెట్టి, పాదం కొడుతూ, గిటార్ లేకుండా, పాటలోని మొదటి వరుసను రాగం లేకుండా చెప్పండి. మొదటి బార్‌లో మొదటి బీట్ ఖాళీ. రెండో బీట్ మీద ‘గుణుపు’, మూడో బీట్ మీద ‘రం’, నాలుగో బీట్ మీద ‘బండి’. రెండో బార్‌లో ఒకటి మీద ‘ఎల్లి’, రెండు మీద ‘పో’, మూడు మీద ‘నా’, నాలుగు మీద ‘ది’. తర్వాత రెండు బార్లు మౌనం, పాదం మాత్రం నడుస్తుంది.

మొదటి బీట్ ఎందుకు వదిలామంటే అది బొటనవేలిది. చేయి నేల మీద కాలు మోపాక గొంతు వస్తుంది. కొత్తవాళ్లు చేయీ గొంతూ ఒకేసారి ఒకటో బీట్ మీద మొదలుపెట్టాలని చూసి రెండూ జారవిడుచుకుంటారు.

మూడో పాదం కాస్త వేరు. ‘టికెట్టు’లో ‘టి’ బీట్ మీద పడదు. ఒకటో బీట్ చివరి ‘ట’ దగ్గర అది వచ్చేయాలి, అప్పుడు ‘కెట్టు’ రెండో బీట్ మీద, ‘జేబు’ మూడు మీద, ‘లో’ నాలుగు మీద కూర్చుంటాయి. బీట్‌కు ముందే జారివచ్చే ఇలాంటి అక్షరం దగ్గరే చేయి ఆగిపోతూ ఉంటుంది. ఆ ఒక్క ముక్కను, అంటే ఒకటో బీట్ నుంచి రెండో బీట్ దాకా, పదేపదే అనండి. ‘త–టి, కె–ట్టు’. ఇలా విడదీసి అంటే ‘టి’ సరిగ్గా చేయి వాయించే ‘ట’ మీదే పడుతోందని గమనిస్తారు. గొంతు కొత్త చోటికి పోవడం లేదు, చేయి ఎలాగూ వాయిస్తున్న చోటే పలుకుతోంది. ఇది ఒంటపడిన రోజు సగం టెన్షన్ పోతుంది.

తర్వాత బొటనవేలితో ఒక్క తీగ మీటుతూ ఇవే మాటలు చెప్పండి. ఆపైన షఫుల్ వాయిస్తూ చెప్పండి. ఎక్కడ తప్పుతోందో అక్కడ ఆగి, ఏ అక్షరం దగ్గర తప్పిందో కాగితం మీద ఆ అక్షరం కింద గీత గీయండి. పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి లాగడం వల్ల ఉపయోగం లేదు, గీత ఉన్న చోట ముందు రెండు బీట్లు, వెనక రెండు బీట్లు కలిపి అదొక్కటే తిప్పండి.

ఎక్కువమందికి గీత పడే చోటు పదో బార్ మొదలు. సరిగ్గా ‘ఉండి’ అనేటప్పుడే చేయి బి7 నుంచి ఎకు మారాలి. ‘జేబులో’ అంటున్నప్పుడే కళ్లతో ఎ ఉన్న చోటు చూసుకోండి.

ఆరో మెట్టు: రాగం, శ్రుతి

ఇ ఆధారంగా బ్లూస్ గొంతుకు పునాది ఐదు స్వరాలు: ఇ, జి, ఎ, బి, డి. ఇని షడ్జమం (స) అనుకుంటే ఇవి కర్ణాటక సంగీతంలోని శుద్ధ ధన్యాసి రాగం స్వరాలే: స గ మ ప ని. అంతమాత్రాన ఇది శుద్ధ ధన్యాసి అయిపోదు, నడక వేరు, గమకాలు వేరు. కానీ స్వరస్థానాలు చెవికి ముందే పరిచయం కాబట్టి వెతుకులాట తగ్గుతుంది.

మన పాదాన్ని ఇలా పాడండి. ‘గుణుపు’ పపప. ‘రం’ ని. ‘బండి’ పమ. ‘ఎల్లి’ గమ. ‘పో’ మీద గాంధారాన్ని (గ) కాస్త పైకి ఒత్తి పట్టుకోండి. ‘నా’, ‘ది’ రెండూ స. పై నుంచి కిందికి దిగే ఈ వాలు బ్లూస్‌లో తరచు వినిపిస్తుంది.

‘పో’ దగ్గరి గాంధారం గురించి ఒక మాట. కింద గిటార్ ఇ మేజర్ వాయిస్తుంటే అందులో ఉండే గాంధారం జి షార్ప్, అంటే అంతర గాంధారం. మనం పాడేది జి, సాధారణ గాంధారం. ఈ రెంటికీ మధ్య ఎక్కడో గొంతు ఊగుతుంది. బ్లూస్‌లోని ఆ నొప్పి అక్కడ పుడుతుంది. దాన్ని సరిదిద్దాలని చూడకండి.

ఐదో బార్‌లో అదే పాదం, అదే రాగం. కింద కార్డు మాత్రం ఎకు మారింది. ఇందాక కార్డుతో గొడవపడిన జి ఇప్పుడు ఎ7 కార్డులో సొంత స్వరం, అందుకే హాయిగా ఒదుగుతుంది. పాట మారకుండానే అర్థం మారినట్టు అనిపిస్తుంది. కార్డు మారింది కదా అని గొంతు కూడా మార్చేవాళ్లున్నారు, అవసరం లేదు.

ఇ శ్రుతి చాలామంది మగవాళ్ల గొంతుకు ఫర్వాలేదు. ఆడవాళ్లకు, చిన్నపిల్లలకు బాగా కిందికి పోతుంది. అప్పుడు కేపోను 5వ ఫ్రెట్‌కు పెట్టి ఇవే ఆకారాలు పట్టండి. శ్రుతి ఎ అవుతుంది. ‘రం’ దగ్గర గొంతు చించుకోకుండా, ‘ది’ దగ్గర గాలి మాత్రమే రాకుండా ఉండే చోటు దొరికేదాకా కేపోను జరుపుతూ చూడండి. బ్లూస్ మగవాళ్ల వ్యవహారం అనుకునే అమ్మాయిలు మెంఫిస్ మిన్నీని వినాలి. 1929లో రికార్డింగులు మొదలుపెట్టిన ఆమె గాయని మాత్రమే కాదు, గట్టి గిటారిస్టు కూడా.

ఏడో మెట్టు: వంత

మూడు, నాలుగు బార్లు ఖాళీగా ఉన్నాయి. మొదట్లో అక్కడ షఫుల్ మాత్రమే నడవనివ్వండి, ఊపిరి తీసుకోండి. అదే మొదటి వంత. ఒక వారం అలాగే పాడినా తప్పులేదు.

తర్వాత ఈ చిన్న ముక్క పెట్టండి. మొదటి తీగ 3వ ఫ్రెట్, ఖాళీ. రెండో తీగ 3వ ఫ్రెట్, ఖాళీ. మూడో తీగ 2వ ఫ్రెట్, ఖాళీ. నాలుగో తీగ 2వ ఫ్రెట్. పాడిన స్వరాలే, పై గాంధారం నుంచి షడ్జమానికి దిగుతున్నాయి. ఇది వాయించేటప్పుడు షఫుల్ ఆపేయవచ్చు, పాదం మాత్రం ఆపకూడదు. ముక్క అయిపోగానే తర్వాతి పాదం ఒకటో బీట్‌కు బొటనవేలు ఇంటికి చేరాలి. ఆలస్యమవుతోందంటే ముక్కలోంచి రెండు స్వరాలు తీసేయండి. పొట్టి వంత తప్పు కాదు. ఆలస్యంగా ముగిసే వంత మాత్రం పాటను చంపేస్తుంది.

ఇంకో ముక్క: మూడో తీగ ఖాళీగా మీటి, వెంటనే అదే తీగ 1వ ఫ్రెట్ మీద వేలు కొట్టండి. జి నుంచి జి షార్ప్‌కు ఎక్కుతుంది. గొంతు ఊగిసలాడిన గాంధారాన్ని గిటార్ ఇలా అంటుంది. దీన్ని 7వ బార్ మొదట్లో పెట్టి చూడండి. ఎ నుంచి ఇకు తిరిగి వచ్చామని వినేవాడికి చెప్పాల్సిన పని ఇంక ఉండదు.

వంత ఏం అనాలో తేలకపోతే, ముందు నోటితో పాడండి. ‘ఎల్లిపోనాది’ అన్న రాగాన్నే గిటార్ మీద తిరిగి అనిపించండి. వేగంగా వేళ్లు పరిగెత్తించే సోలోలకన్నా ఇది వినేవాళ్లను ఎక్కువ పట్టుకుంటుంది.

కలపడం

ఇప్పుడు మొత్తం. ముందు పాడకుండా ఒక చుట్టు షఫుల్ వాయించండి. రెండో చుట్టులో మాటలు చెప్పండి. మూడో చుట్టులో పాడండి. నాలుగో చుట్టులో వంత చేర్చండి. ఎక్కడైనా పడిపోతే పాదం ఆపకుండా తర్వాతి ‘పాట’ బార్ దాకా ఆగి అక్కడ ఎక్కండి. పన్నెండు బార్ల చట్రంలో ఎక్కే చోటు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది.

వేగం 60 నుంచి ఒక్కసారిగా 90కి పోవద్దు. తప్పులేకుండా వరసగా మూడు చుట్లు వచ్చాకే నాలుగు బీట్లు పెంచండి. రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసి, వెంటనే కాకుండా మర్నాడు వినండి. వినేటప్పుడు గొంతు బాగుందా లేదా అని కాదు, పాట ఆగిన చోట పాదం చప్పుడు ఆగిందా అని చూడండి.

గొంతు గురించి కూడా కొంచెం జాగ్రత్త. గిటార్ మీదికి వంగి, ఫ్రెట్లు చూస్తూ పాడితే గొంతు నొక్కుకుపోతుంది. తల ఎత్తి, ఎదురుగా గోడ మీద ఒక చోటు చూస్తూ పాడండి. గరగర కోసం గొంతు రాపాడించుకోవద్దు. గొంతు గీసుకుపోయినట్టు అనిపిస్తే ఆ పూట పాడటం ఆపి చేతి సాధన చేసుకోండి.

పాట ముగించడం చాలామంది నేర్చుకోరు, తిరుగుతూనే ఉంటారు. చివరి చుట్టులో 12వ బార్‌లో రెండు బీట్లు బి7, తర్వాత ఒక్కసారి ఇ7 మీటి వదిలేయండి.

ఇదంతా నిలిచాక సొంత పాదాలు రాయండి. ఊరు, పని, అప్పు, ఉత్తరం, వాన, అలిగిన మనిషి, ఏదైనా సరే. రెండుసార్లు అనదగ్గ ఒక మాట, దాన్ని తిప్పే మరో మాట ఉంటే ఒక చరణం అయినట్టే. బొటనవేలిని రెండు తీగల మధ్య అటూ ఇటూ మార్చి వాయించే పద్ధతి ఆ తర్వాతది. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో చేసిన రికార్డింగుల్లో అది శుభ్రంగా వినిపిస్తుంది. లోకం ఆయన్ని మళ్లీ వెతికి పట్టుకున్నది 1963లో. ఆయన పాటలు ఇప్పటి నుంచే వినండి. వాయించడానికి మాత్రం ఒక్క తీగ మీటుతూ అన్నం పరీక్ష ఎప్పుడు పెట్టినా నెగ్గేదాకా ఆగండి.